కడగరాదు

"డాక్టర్ వద్దన్నడా, నువ్వు వద్దంటున్నవా? గది చెప్పు ముందు," అన్నాడు రామచంద్రం.

నిన్న అన్నాల దగ్గర మొదలైన మాట అది. పొద్దుటి టీ గ్లాసుల దాకా వచ్చింది.

వాసంతి స్టవ్ మీది రాగిజావలో గరిటె తిప్పుతూనే ఉంది. "జావ, మజ్జిగ, పండ్లరసం అన్నడు. బోటి అనలే."

"బోటి వద్దని గూడ అనలే గద."

"ముక్క గొంతుల అడ్డం పడితె ఎవరు జవాబు చెప్తరు?"

"ముక్క ఎవడు పెట్టమన్నడు? రసం పోస్త, జరంత. నెల నుంచి అడుగుతున్నది. మా అమ్మ ఎన్నడన్న నోరు తెరిచి ఇది కావాలె అని అడిగిందా? నువ్వే చెప్పు."

వాసంతి గరిటె అంచుకు అంటిన జావను గిన్నెలోకి గీకింది.

లోపలి గదిలోంచి వర్షిత వచ్చింది. ఇవాళ ఆఫీసుకు పోదు, ఇంట్లోంచే పని. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, ఇంకో చెవి తల్లిదండ్రులకు వదిలిపెట్టింది. "నేను ఆర్డర్ పెడ్తా నానమ్మకి. మాదాపూర్ల మస్తు ఫేమస్ ప్లేస్ ఉంది. అర్ధగంటల వస్తది. లొల్లి ఖతం."

ముందు గదిలో మంచం మీదినుంచి ఎండిన గొంతు వినిపించింది. "ఎవరు కడిగిన్రట?"



"హోటలోల్లు కడుగుతరు నానమ్మా."

"వాల్లేం కడుగుతరు. నల్లా కింద పట్టి తీస్తరు. పేడ తింటమా బిడ్డా?"

వర్షిత పకపకా నవ్వింది. రామచంద్రం కూడా నవ్వి తల్లి దగ్గరకు వెళ్లాడు. వాసంతి వెనక్కి తిరగలేదు. ఆ మాట హోటలు వాళ్ల గురించి కాదని ఆమెకు తెలుసు.

జావ చల్లారాక గ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. పోచమ్మ ఇప్పుడు చాలా చిన్నదైపోయింది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే అనిపించదు. మొహంలో కళ్లు మాత్రం పాత కొలతలోనే ఉన్నాయి. పెదవులు పొక్కి ఉన్నాయి. నాలుక అంగిటికి అతుక్కుపోయి, మాట్లాడబోయిన ప్రతిసారీ చిన్న చప్పుడుతో ఊడి వస్తోంది. వాసంతి తడిగుడ్డతో పెదవులు తుడిచి, చెంచాతో జావ పోసింది. సగం లోపలికి పోయింది. సగం గడ్డం మీదికి జారింది.

దుప్పటి మీద పెట్టుకున్న చేతులు మాత్రం ఇంకా పెద్దవే. సున్నం, వేడినీళ్లు తిని తిని వేళ్ల కొసలు నునుపు తేలాయి. వేలిముద్రలు పడవని ఆధార్ కార్డు దగ్గర ఎంత తిప్పలు పెట్టారో. ఆ చేతులు నిజాంపేట మటన్ దుకాణం ముందు బండ మీద కూర్చుని ముప్పై ఏళ్లు బోటిని, మేకల పేగుల్నీ పొట్టల్నీ, కడిగాయి. పోచమ్మ చెయ్యి పడితే పేగు మల్లెపువ్వు అవుతుందనేవాళ్లు. పక్క ఊళ్లవాళ్లు దావతులకు ముందు రోజే వచ్చి చెప్పిపోయేవారు.

"ఇయ్యాల ఆదివారమా?" అంది పోచమ్మ.

"బుధవారం అత్తమ్మా."

"అట్లనా."

"ఆదివారం చూద్దాం."

పోచమ్మ కోడలి మొహం కేసి చూసింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. "నోరు ఎండుకపోతున్నది పిల్లా," అని కళ్లు మూసుకుంది.

వాసంతి జేఎన్‌టీయూ దగ్గర బస్సు మారి గచ్చిబౌలిలో దిగింది. ల్యాబు మూడో అంతస్తులో ఉంటుంది. కింద బిర్యానీ హోటలు, పైన సాఫ్ట్‌వేరు ఆఫీసు. లిఫ్టు మూడో అంతస్తులో ఆగితే మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు ముక్కు మూసుకుంటారు. ముక్కలు కుళ్లకుండా వేసే ఫార్మలిన్ వాసన. వాసంతికి ఆ వాసన తెలియక చాలా కాలమైంది. చీరల్లో, జుట్టులో, టిఫిన్ బాక్సు మూతలో ఉందని ఇంట్లోవాళ్లు అంటే నమ్ముతుంది.

పశువైద్య కాలేజీల పిల్లలు చదువుకోవడానికి స్లైడ్లు చేసి పంపడం వీళ్ల పని. ఈ వారం గొర్రె జీర్ణవ్యవస్థ, నోటి నుంచి చివరిదాకా. నాలుక, లాలాజల గ్రంథులు, అన్నవాహిక, నెమరువేసే జంతువు కనుక నాలుగు గదుల పొట్ట, ఆపైన పేగులు. అన్నీ గోరంత ముక్కలై మైనపు దిమ్మల్లో కూర్చుని ఉన్నాయి.

వాసంతి ఒక దిమ్మను పలచగా కోసే యంత్రం మైక్రోటోమ్‌కు బిగించి, మొహం దగ్గరకు వంచి దాని మీద నోటితో ఆవిరి ఊదింది. కాస్త వెచ్చగా, తడిగా ఉంటే మైనం పొడిపొడిగా విరగదు. చక్రం తిప్పింది. కత్తి అంచు నుంచి సన్నటి తెల్లటి రిబ్బను బయటికి వచ్చింది. కుంచె కొసతో దాన్ని లేపి గోరువెచ్చటి నీళ్ల మీద వదిలింది. ముడతలన్నీ వాటంతట అవే విప్పుకుని పరుచుకున్నాయి. కింద గాజుపలక పెట్టి ఎత్తింది. ఇన్నేళ్లలో ఎన్ని వేల పలకలు ఎత్తిందో లెక్కలేదు. స్లైడు మీద జంతువు పేరుంటుంది, అవయవం పేరుంటుంది. కోసినవాళ్ల పేరు ఉండదు. ఉండాలని ఆమె కూడా ఎప్పుడూ అనుకోలేదు.

రంగులు వేసి ఆరిన స్లైడ్లను ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. చిరుగు ఉందా, మడత పడిందా, రంగు సరిపోయిందా. అంతవరకే ఆమె పని. ఇవాళ లాలాజల గ్రంథి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. చెవి ముందుండే గ్రంథి, పరోటిడ్. ముదురు ఊదారంగు ద్రాక్షగుత్తుల్లా కణాలు, మధ్యలో నీరు కారడానికి సన్నటి కాలవలు. దవడ కింది గ్రంథిలో వేరే రకం. లేతగా, నురగలా ఉండే జిగట కణాలు, వాటిని ఒక పక్క నెలవంకలా పట్టుకున్న ముదురు కణాలు. వయసు ముదిరిన జంతువుల్లో ఈ గుత్తులు పలచబడి, ఖాళీల్లో కొవ్వు చేరుతుంది. అలాంటి స్లైడ్లను ఆమె పనికిరావని పక్కన పెట్టేస్తుంది. అత్తమ్మ దవడ కింద ఇప్పుడు ఏం మిగిలి ఉంటుందో.

"వాసంతి మేడమ్, ఇదేంటి, ఇలా రాశారు?"

దేవిశ్రీ రెండు నెలల కింద చేరింది. స్లైడ్లను కంప్యూటర్లోకి ఎక్కించడం ఆ అమ్మాయి పని. ఖాళీ ఫార్మలిన్ సీసా ఒకటి పట్టుకుని నిలబడింది. సీసా మీద ఎర్ర అక్షరాలతో కాగితం అంటించి ఉంది. కడగరాదు.

"మటన్ దుకాణంల ఇచ్చే సీసాలు. కోసిన వెంటనే ముక్క ఇందుల వెయ్యాలె."

"అది సరే. పేగును కడుగుతారా ఎవరైనా?"

"ఎవరో ఒకళ్లు కడుగుతరు," అంది వాసంతి.

అద్దాల గదిలోంచి రామ్మోహనరావు నవ్వుతూ బయటికి వచ్చాడు. పాథాలజీ చెప్పి చెప్పి రిటైరై ఈ ల్యాబు పెట్టిన మనిషి. మంచివాడు. తన జోకులకు తానే ముందు నవ్వుతాడు.

"ఆ కాగితం వెనకాల పెద్ద కథ ఉందమ్మా. ల్యాబు పెట్టిన కొత్తలో మనకు మేక పేగు కావాల్సొచ్చింది. వాసంతి గారే ఎక్కడినుంచో తెప్పించారు. స్టీలు టిఫిన్లో పెట్టి తెచ్చారండీ! మూత తీస్తే తెల్లగా, పసుపు వాసన వేస్తూ ఉంది. స్లైడు చేసి చూద్దును కదా, లోపలి పొర మొత్తం హుష్ కాకి. పేగు లోపల చేతివేళ్లలా నిలబడి ఉంటాయే, ఒక్కటీ లేదు. శుభ్రంగా తోమి పారేశారు! నేనన్నాను, వాసంతి గారూ, ఇది ల్యాబుకు తెచ్చారా, తాలింపుకు తెచ్చారా అని." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అందరం రెండ్రోజులు నవ్వుకున్నాం. దుకాణం వాడెవడో అతి తెలివికి పోయి కడిగేశాడుట."

దేవిశ్రీ పడీ పడీ నవ్వింది.

ఈ కథ కొత్తగా ఎవరు చేరినా ఆయన చెబుతాడు. వాసంతి కూడా ప్రతిసారీ నవ్వుతుంది. దుకాణం వాడు అని అప్పుడు చెప్పింది ఆమే.

ఆ రోజు చీకటితోనే లేచి ఆ పేగును కడిగింది పోచమ్మ. కోడలికి మొదటి ఉద్యోగం. వర్షితను తన ఒళ్లో పెట్టుకుని కోడల్ని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు పంపింది కూడా ఆమే. పెద్ద సార్లు చూసే వస్తువు, ఎట్లా పడితే అట్లా ఇస్తే కోడలి పరువు ఏం కాను? పేగును కట్టెతో తిరగేసి, ఉప్పుతో, పసుపుతో, వేడినీళ్లతో ఎన్ని సార్లు కడిగిందో. టిఫిన్ మూత పెడుతూ "వాసన జూడు, ఏమన్న వస్తుందా?" అని మురిసింది. కడగొద్దని చెప్పాలని వాసంతికే తెలియదు అప్పటికి. ప్రాణం పోయిన కాసేపటికే పేగు తన లోపలి పొరను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుందనీ, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు మందులో వెయ్యాలనీ తర్వాత నేర్చుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పులు కూడా విడవకుండా అంది. "నీ కడుగుడుతోని నా ఇజ్జత్ పోయింది. ఇగ ఈ ఇంట్ల బోటి ముట్టకు."

పోచమ్మ కట్టెను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. ఆరోజు నుంచి ఆ ఇంట్లోకి బోటి రాలేదు. ఏడాది తిరక్కుండా దుకాణానికి పోవడం కూడా మానేసింది. ఎవరడిగినా "మా కోడలికి ల్యాబుల అదే పని గద, ఇంట్ల గూడ అంటే పడది పాపం," అనేది. రామచంద్రం కూడా అదే నిజమనుకున్నాడు. నిజం తెలిసినవాళ్లు ఇద్దరే. వాళ్లిద్దరూ దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు.

"దుకాణం వాడు కాదు సార్," అంది వాసంతి.

రామ్మోహనరావు కళ్లద్దాలు పెట్టుకోబోతూ ఆగాడు.

"మా అత్తమ్మ కడిగింది. నాకోసమని కడిగింది."

దేవిశ్రీ నవ్వు ఆగిపోయింది. ఆయన "అయ్యో, అలాగాండీ," అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, "ఎలా ఉన్నారు ఆవిడ?" అన్నాడు.

"బాగలేదు సార్. మధ్యాహ్నం పోత నేను, జర పర్మిషన్ కావాలె."

మల్లయ్య దుకాణం నిజాంపేట పాత ఊరి సందులో ఉంది. చుట్టూ హాస్టళ్లు. పోచమ్మ కూర్చున్న బండ ఇప్పటికీ ఉంది కానీ దాని ముందు డెలివరీ బండ్లు ఆపుతున్నారు.

"సీసా తెచ్చినవా వదినా?" అన్నాడు మల్లయ్య, కత్తి పక్కన పెట్టి.

"సీసా కాదు. ఇంటికి. ఒక మేక బోటి."

మల్లయ్య నమ్మలేనట్టు చూశాడు. "పెద్దమ్మకా?"

"ఆఁ."

"మరి చెప్పవు! లేతది ఇస్త. కడిగియ్యనా?"

"వద్దు. గట్లనే ఇయ్యి."

ఇంటికొచ్చేసరికి వర్షిత మీటింగులో ఉంది. రామచంద్రం తల్లి కాళ్లకు నూనె రాస్తున్నాడు. వాసంతి చేతిలోని సంచి చూశాడు, దాని అడుగున బరువు చూశాడు. చేతుల నూనె తుడుచుకుని లేచాడు. "మంచం పెరటి దర్వాజ కాడికి జరుపు," అంది వాసంతి. తండ్రీ కూతురూ చెరో వైపు పట్టి జరిపారు. అటక మీది గుడ్డ మూట కూడా వర్షితే దించింది.

మూటలో తుమ్మకట్టె. మూరెడు పొడుగు, చిటికెన వేలంత లావు. వాడీ వాడీ కొన గుండ్రంగా, నున్నగా అయింది.

వాసంతి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నల్లా కింద బండ మీద కూర్చుంది. పేగుచుట్ట విప్పి తొట్టెలో వేసింది. పచ్చి వాసన గుప్పుమంది. పొట్ట ముక్క మీద తేనెపట్టు గదులు, తువ్వాలు నూగు లాంటి నల్లటి పొర. ఇవన్నీ ఎన్ని వేల సార్లు చూసింది, గాజు మీద, ఊదారంగులో. ఇట్లా పచ్చిగా, ఉత్త చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. వెచ్చగా, జారుతూ ఉంది. కట్టె కొనకు పేగు అంచు తొడిగి నెట్టబోయింది. జారిపోయింది.

"గట్ల నూకకు," అంది పోచమ్మ. పొద్దుటి గొంతు కాదు అది. "నీల్లు పట్టు లోపటికి. పేగే తిరుగుతది. కట్టె ఊకె తోవ జూపిస్తది, అంతే."

వాసంతి నల్లా నీళ్లు పట్టింది. పేగు మెల్లగా లోపలిది బయటికి తిరిగింది.

"ఆఁ. ఇగ ఉప్పు. గోరు తగలనియ్యకు."

"వేడినీళ్లు ఎప్పుడు అత్తమ్మా?"

"పొట్ట మీద పొయ్యి. సున్నం జరంతే. నీ చేతులు గాల్తయి, మెల్లగ."

వర్షిత గుమ్మంలో నిలబడి ఫోను తీసింది. "నానమ్మ ఫుల్ మేనేజర్ అయింది."

"మీ అమ్మకు జల్ది ఎక్కువ," అంది పోచమ్మ. "చదువుకున్నోల్లకు అన్నిటికి జల్దే."

రామచంద్రం నవ్వి ఉల్లిగడ్డలు తేవడానికి లేచాడు.

వాసంతి పొట్ట ముక్కను వేడినీళ్లలో ముంచి చాకుతో గీకింది. నల్లటి పొర చాపలా చుట్టుకుని ఊడి వచ్చింది. కింద తెల్లగా మెరిసింది. దాన్ని పసుపులో దొర్లించి, రెండు చేతులా పైకెత్తి మంచం వైపు చూపించింది. "ఇట్లనేనా?"

పోచమ్మ తల కొంచెం ఎత్తి వాసన పీల్చింది. ఎండిన పెదవులు కదిలాయి. నోటి మూలన సన్నగా తడి మెరిసింది. ఆమె నాలుకతో దాన్ని అందుకుని, ఆశ్చర్యంగా, చిన్నపిల్లలా చూసింది.

"చూడు పిల్లా. నోట్లె నీల్లొస్తున్నయ్."

వాసంతి పొట్ట ముక్కను తొట్టెలో దించింది. ఇప్పుడు చెప్పాలి. తల వంచుకుని పేగును ఉప్పుతో రుద్దుతూ మాటలు వెతుక్కుంది. ఆరోజు నేనన్నది తప్పు అనాలా, నీ కడుగుడుల తప్పు లేకుండె అనాలా. నీళ్లు ఒకసారి పారబోసింది. రెండోసారి పారబోసింది.

"అత్తమ్మా, ఆ రోజు టిఫిన్ల పెట్టిచ్చినవు గద," అంది చివరికి. "అంత మంచిగ ఎవ్వలు కడగలేరు. నాకు తెల్వక..."

నల్లా నీళ్లు తొట్టె అంచు దాటి పారుతున్నాయి. ఆమె నల్లా కట్టేసింది.

"అత్తమ్మా."

పోచమ్మ తల పెరటి వైపే తిరిగి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. నోటి మూలన తడి అలాగే ఉంది.

బాలానగర్ నుంచి ఆడబిడ్డ నీలమ్మ ఏడుస్తూ వచ్చింది. ఏడుస్తూనే పనులు అందుకుంది. దీపం పెట్టింది, పొయ్యి ఆర్పించింది, వండిన అన్నం, నిండు బిందెల నీళ్లు పారబోయించింది. పెరట్లో తొట్టె కనబడితే "ఇదేంది ఇది?" అని ఒక్క క్షణం ఆగి, అది కూడా ఎత్తుకుపోయి సందు చివర చెత్తకుప్ప దగ్గర ఒంపి వచ్చింది. కుక్కలు చేరిన చప్పుడు లోపలికి వినిపించింది. వాసంతి లేవలేదు. చేతులు కడుక్కోవాలని కూడా గుర్తులేదు.

పొద్దు గూకేసరికి చుట్టాలంతా ఇంటి ముందు కుర్చీల్లో సర్దుకున్నారు. దహనం రేప్పొద్దున అనుకున్నారు. మాట మెల్లగా మూడోనాటి దగ్గరకు వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టాలి. పిట్ట వచ్చి ముట్టాలి. పిట్ట ముట్టకపోతే మనిషికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

"కల్లు నేను తెస్త," అన్నాడు మల్లయ్య.

"బోటి పెట్టకుంటె పిట్ట ముట్టది," అంది నీలమ్మ ముక్కు తుడుచుకుంటూ. "కేటరింగోల్లకు చెప్దాం అన్నా. ఈ ఇంట్ల వదినెకు పడది గద."

రామచంద్రం తలూపాడు. "నవీన్ కేటరింగోల్లు చేస్తరు. ఫోన్ చేస్త."

తల్లి భుజానికి ఆనుకుని కూర్చున్న వర్షితకు, ఆ భుజం కదిలినట్టు తెలిసింది.

"నాకు పడదని ఎన్నడు లేకుండె," అంది వాసంతి.

గట్టిగా అనలేదు. అయినా అందరూ ఇటు తిరిగారు. నీలమ్మ ఏడుపు ఆపింది.

"మూడోనాడు బోటి నేనే కడుగుత. నేనే వండుత. కేటరింగు వద్దు, ఎవ్వల చెయ్యి పడొద్దు." ఊపిరి తీసుకుంది. "ఆ తర్వాత గూడ. ఏడాదికొకసారి ఆమె దినం నాడు ఈ ఇంట్ల బోటి వండుత. వర్షితకు గూడ నేర్పిస్త."

రామచంద్రం భార్య కేసి చూశాడు. జేబులోంచి తీసిన ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

పెరట్లో నల్లా కింద, తొట్టె ఎత్తేసిన బండ మీద తుమ్మకట్టె ఒక్కటే ఉంది, సగం ఆరి, నున్నటి కొనకు పసుపు అంటి.